ఏటిగట్టు మీద బడి బస్సు: సాక్రమెంటో డెల్టాలో నాలుగు రోజులు

మొదటి రోజు, సోమవారం

కోనసీమ లంక గ్రామాల చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పైమూడేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కావడం వల్ల, ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి బడి ఎక్కడుందో వెతకడం నాకు అలవాటైపోయింది. కాలిఫోర్నియాలో మా అమ్మాయి కాపురముండే ఎల్క్ గ్రోవ్‌కు ఇది మూడో రాక. జలపాతాలూ పెద్ద వంతెనలూ మొదటి రెండుసార్లలోనే అయిపోయాయి. ఈసారి పటం ముందేసుకుని చూస్తుంటే, మా అమ్మాయి ఇంటికి పడమరన అరగంట దూరం కూడా లేని సాక్రమెంటో నది ఒడ్డున, రివర్ డెల్టా యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ అన్న పేరు కనిపించింది. దాని హద్దులు సాక్రమెంటో, సొలానో, యోలో అనే మూడు కౌంటీల్లోకి (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) చొచ్చుకుపోయి ఉన్నాయి. నవంబరు నెల, బడులు నడుస్తున్న రోజులు కనుక నాలుగు రోజులు వరుసగా ఆ నది వెంట తిరుగుదామని అడిగితే, "నాన్నగారూ, అక్కడ బేరితోటలు తప్ప ఏముంటాయి?" అంటూనే మా అమ్మాయి సెలవు పెట్టింది.

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. అది బడుల కోసమే ఏర్పడిన ప్రత్యేక స్థానిక ప్రభుత్వం; దానికి సొంత హద్దులూ, ఓటర్లు ఎన్నుకున్న పాలకమండలీ, ఆ మండలి నియమించిన సూపరింటెండెంటూ ఉంటారు. కౌంటీ పాలకులకూ, ఊరి మేయరుకూ దాని మీద అజమాయిషీ ఉండదు. మన దగ్గర ఒక లంకలోని పిల్లవాడు ఏ బడికి చెందుతాడో మండలం హద్దు చెబుతుంది. ఇక్కడ మూడు కౌంటీల హద్దులనూ దాటి, ఒకే ఏటి ఒడ్డున బతికే ఊళ్లన్నింటినీ ఒక పాలన కిందికి తెచ్చారు. ఈ సంగతే నన్ను అక్కడికి లాగింది.

ఫ్రీపోర్ట్ దగ్గర పాత ఇనుప వంతెన దాటగానే యోలో కౌంటీ వచ్చింది, దారి గట్టెక్కింది. గట్టెక్కిందంటే నిజంగానే ఏటిగట్టు మీదికి ఎక్కింది. ఎడమ చేతి వైపు నది నిండుగా పారుతోంది. కుడి చేతి వైపు పొలాలు, ఇళ్లు, చెట్ల చిటారు కొమ్మలు మా కారుకన్నా కిందికి కనిపిస్తున్నాయి. ఆ దృశ్యం చూశాక నేను అమెరికాలో ఉన్నానన్న ధ్యాస కాసేపు పోయింది. ధవళేశ్వరం దిగువన ఏ గట్టు మీద సైకిలు తొక్కినా కనిపించేది ఇదే కదా, కాకపోతే కొబ్బరిచెట్ల చోట ద్రాక్షతీగలున్నాయి. మన ఆనకట్ట 1852లో పూర్తయ్యే సమయానికి ఇక్కడ గట్లు వేయడం ఇంకా పిల్లచేష్టగానే ఉంది. 1850లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చిత్తడి నేలలను రాష్ట్రాలకు అప్పగించింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలలో చైనా నుంచి వచ్చిన కూలీలు పారలతో, తట్టలతో ఈ గట్లు పోశారు. 1870ల చివరి నుంచి ఆ పనిలోకి ఆవిరి డ్రెడ్జర్లు, అంటే నీటి అడుగు మట్టి తోడే యంత్రాలు దిగాయి; 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టమూ వచ్చింది.

క్లార్క్స్‌బర్గ్ ఊరంతా కలిపి మన ఒక వీధంత ఉంటుంది. డెల్టా హైస్కూలు నెదర్లాండ్స్ అవెన్యూ అనే రోడ్డు మీద ఉంది. ఈ చుట్టుపక్కల నేలను ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నీటి నుంచి బయటికి తీసిన కంపెనీ పేరులో హాలెండ్ ఉండేది, వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో ఊహించవచ్చు. పాలకొల్లులో డచ్చివారు గిడ్డంగులు కట్టుకున్న సంగతి పాఠంగా చెప్పిన నాకు, డెల్టా ఎక్కడుంటే వాళ్లు అక్కడికి చేరతారన్న ఆలోచన వచ్చి నవ్వుకున్నాను. హైస్కూలు పక్కనే మిడిల్ స్కూలు ఉంది. లోపలికి వెళ్లే ప్రయత్నం చేయలేదు. ఇక్కడ బడి వేళల్లో బయటివారు ముందు ఆఫీసులో పేరు రాయించుకుని అనుమతి తీసుకోవాలి. పనిలేని విశ్రాంత ఉపాధ్యాయుడికి అది చెప్పుకోదగిన కారణం కాదు. రోడ్డు మీద నుంచే బంతాట మైదానం, దాని వెనక దున్నిన పొలం, ఆ పొలం చివర గట్టు చూసి తిరిగి వచ్చాం. ఊరి చివరనున్న పాత చక్కెర మిల్లు 1993లో మూతపడిందట, ఇప్పుడు అందులో ద్రాక్షసారా దుకాణాలు నడుస్తున్నాయి. చక్కెర తీసే బీట్ దుంపల బళ్ల వెంట పనికొచ్చిన కుటుంబాల పిల్లలు ఏ బడికి వెళ్లారో అని అడగాలనిపించింది గాని, రుచి చూడటానికి వచ్చిన జనంలో నా ప్రశ్నకు జవాబు చెప్పేవారెవరూ కనిపించలేదు.

రెండో రోజు, మంగళవారం

తెల్లారేసరికి కిటికీ బయట ఏమీ లేదు. ఇక్కడ శీతాకాలంలో నేల మీద నుంచి లేచే ఈ పొగమంచును టూలీ ఫాగ్ అంటారు. ఈ చిత్తడి నేలల్లో పూర్వం దట్టంగా పెరిగిన తుంగ జాతి గడ్డి పేరే దానికి వచ్చింది. ఈ లోయలోని చాలా స్కూల్ డిస్ట్రిక్టులకు మంచు రోజుల కోసం వేరే వేళలు ఉంటాయి, ఆ ఉదయం బస్సులు గంటా రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరతాయి. మేమూ పదింటిదాకా ఆగి, మంచు కాస్త పలచబడ్డాక హుడ్ అనే ఊరి మీదుగా 160వ నంబరు రహదారి అందుకున్నాం. ఒక పక్క నది, మరో పక్క పదిహేనడుగుల పల్లం, మధ్యలో రెండు బళ్లు తప్పుకునేంత రోడ్డు. ఆ రోడ్డు మీద మంచులో పిల్లలతో నిండిన బస్సును నడపడం ఎంత బాధ్యతో, డ్రైవరు సీటు పక్కన కూర్చున్న నాకు అప్పుడే అర్థమైంది.

హుడ్‌కూ కోర్ట్‌లాండ్‌కూ నడుమ చాలా ఇళ్ల ముందు, సొరంగం వద్దు అన్న బోర్డులు పాతి ఉన్నాయి. ఈ నది నీటిని ఇక్కడే తోడి, నేల కింద సొరంగం గుండా రాష్ట్రం దక్షిణానికి తరలించాలన్న ప్రభుత్వ ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. నీళ్లు తోడే కట్టడాలు ఈ ఊళ్ల దగ్గరే వస్తాయంటారు. పోలవరం ముంపు గ్రామాల గోడల మీద రాతలు చూసినవాణ్ణి. ఈ బోర్డుల భాష వేరైనా వాటి బాధ నాకు కొత్త కాదు.

కోర్ట్‌లాండ్ బార్ట్‌లెట్ బేరిపళ్ల ఊరు. ఏటా జూలై చివరి ఆదివారం ఇక్కడ బేరిపళ్ల తిరునాళ్లు జరుగుతాయి. నవంబరులో తోటలన్నీ ఎర్రబడి ఆకు రాలుస్తున్నాయి. ఇక్కడి ప్రాథమిక పాఠశాల పేరు బేట్స్. పిల్లల్లో చాలామంది మెక్సికో నుంచి వచ్చి తోటల్లో పనిచేసే కుటుంబాలవారు. కాయకోతల కాలంలో పనికోసం ఊరు మారే కుటుంబాల పిల్లల చదువు తెగిపోకుండా కేంద్రం 1960ల నుంచి ప్రత్యేకంగా నిధులిస్తోంది. మన ఇటుకబట్టీల పిల్లల కోసం వేసవిలో ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్న రోజులు గుర్తుకొచ్చాయి.

ఈ డెల్టా బడుల చరిత్రలో చాలామందికి తెలియని ఒక పుట ఉంది. కోర్ట్‌లాండ్, వాల్‌నట్ గ్రోవ్, ఐల్టన్ ఊళ్లలోనూ, కాస్త ఉత్తరానున్న ఫ్లోరిన్‌లోనూ రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆసియా పిల్లలకు వేరే బడులుండేవి. తెల్లవారి పిల్లలు ఒక భవనంలో, చైనీయుల, జపనీయుల పిల్లలు మరో భవనంలో చదివేవారు. చైనీయుల పిల్లలకు వేరే బడి పెట్టే వీలు రాష్ట్ర చట్టంలో ముందునుంచీ ఉంది, 1921లో దాన్ని సవరించి జపనీయుల పిల్లలనూ అందులో చేర్చారు. 1942లో జపనీయ కుటుంబాలను మూటాముల్లె సర్దించి నిర్బంధ శిబిరాలకు తరలించారు. వేర్పాటును అనుమతించిన ఆ నిబంధనలను 1947లో రద్దు చేస్తూ సంతకం పెట్టిన గవర్నరు ఎర్ల్ వారెన్; 1942లో ఆ తరలింపును గట్టిగా కోరినవాడూ ఆయనే; 1954లో అమెరికా అంతటా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు రాసినవాడూ ఆయనే. ఈ మూడు పనులూ ఒకే మనిషివని తరగతిలో చెబితే పిల్లలు నమ్మేవారు కాదు.

మధ్యాహ్నం లాక్ అనే ఊరికి చేరాం. 1915లో పక్కనున్న వాల్‌నట్ గ్రోవ్‌లోని చైనా పేట తగలబడితే, జోంగ్‌షాన్ ప్రాంతం నుంచి వచ్చిన చైనీయులు ఇక్కడ తమకోసం ఒక ఊరు కట్టుకున్నారు. 1913 నాటి చట్టం వాళ్లను భూమి కొననివ్వలేదు కనుక ఇళ్లు వాళ్లవి, నేల మాత్రం లాక్ కుటుంబానిది. ఇళ్ల కింది నేల ఇంటివారి పేరిట మారింది 2004లో. ప్రధాన వీధి అంతా ఒరిగిపోయిన చెక్క మేడలే. గట్టు మీద నుంచి చూస్తే ఒక అంతస్తు, వీధిలోంచి చూస్తే రెండంతస్తులు. అక్కడ జో షూంగ్ అనే వ్యాపారి పేరున్న చైనీస్ బడి చూశాం. పిల్లలు పగలంతా ఇంగ్లీషు బడిలో చదివి, సాయంత్రం ఇక్కడికొచ్చి తమ లిపి దిద్దేవారట. వరసగా పేర్చిన చిన్న బల్లలు, ముందు నల్లబల్ల. మా మనవడు వారాంతాల్లో తెలుగు నేర్పే మనబడి క్లాసుకు వెళ్లనని మొండికేసేది గుర్తుచేసుకుని మా అమ్మాయి ఆ బల్లల మధ్య చాలాసేపు నిలబడింది. "వీళ్లకీ సాయంత్రం ఆట మానేసి రావాలంటే ఏడుపొచ్చే ఉంటుంది" అంది.

వాల్‌నట్ గ్రోవ్ నదికి రెండు ఒడ్డులా ఉన్న ఊరు. ఒక ఒడ్డున బడి, రెండో ఒడ్డున ఇల్లు ఉన్న పిల్లవాడికి మధ్యలో వంతెన. ఆ వంతెన పడవ వస్తే పైకి లేస్తుంది.

మూడో రోజు, బుధవారం

ఈ రోజు పంటు ఎక్కాలన్నది నా పట్టుదల. రైడ్ అనే ఊరు దాటి 220వ నంబరు రోడ్డు పట్టుకుంటే, స్టీమ్‌బోట్ స్లూ అనే పాయ దగ్గర రోడ్డు నీళ్లలోకి దిగి ఆగిపోతుంది. అక్కడ జె-మాక్ అనే పంటు ఉంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన ఇనుప తాడు పట్టుకుని అది అటూ ఇటూ తిరుగుతుంది. రాష్ట్ర రహదారుల శాఖ నడుపుతుంది, రుసుము లేదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఆ పంటు కూడా రోడ్డులో ఒక ముక్కే. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. మన రేవులను ఏటా పాటకు పెట్టి, పాట పాడుకున్నవాడు ఎంతమందిని ఎక్కిస్తే అంత లాభమనుకునే పద్ధతిలో పెరిగినవాణ్ణి నేను.

పంటు మీద మా కారూ, ఒక ట్రాక్టరూ తప్ప ఎవరూ లేరు. అవతలి ఒడ్డు మెల్లగా దగ్గరవుతుంటే, వైనతేయ పాయ దాటి బడికి వచ్చే పిల్లలు కళ్లముందు మెదిలారు. సైకిళ్లు పడవ అంచుకు ఆనించి, చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని దిగేవారు. ఆగస్టులో గోదావరి ఎర్రబడితే పడవలు ఆగిపోయేవి. హాజరు పట్టీలో ఆ లంక పిల్లల పేర్లకు ఎదురుగా వారం పది రోజులు గడులు ఖాళీగా వదిలేసేవాణ్ణి. వాళ్లు రాలేదని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. 1986 వరదల్లో ఆ గడులు పదిరోజులు కాదు, నెల పైచిలుకు ఖాళీగానే ఉన్నాయి.

ఈ హాజరు సంగతి ఇక్కడ డబ్బుతో ముడిపడి ఉంది. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఒక డిస్ట్రిక్టుకిచ్చే సొమ్ములో ప్రధాన భాగం, బడిలో పేరున్న పిల్లల సంఖ్య మీద కాక, రోజువారీ సగటు హాజరు మీద లెక్కగడతారు. 2013లో నిధుల సూత్రం మార్చి పేద కుటుంబాల పిల్లలకూ, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకూ అదనంగా కలిపారు గాని, మూలం మాత్రం హాజరే. వరద, మంటలు, కరెంటు పోవడం వంటి విపత్తులకు ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకుంటే మినహాయింపు దొరుకుతుంది. ఇలాంటి చిన్న డిస్ట్రిక్టులో, ఒక మూల ఊళ్లో నలభైమంది జ్వరాలతో ఇంట్లో ఉంటే కలిగే లోటు, లక్షమంది పిల్లలున్న నగర డిస్ట్రిక్టులో తెలియను కూడా తెలియదు. బస్సు దూరం, భవనం మరమ్మతు, ప్రతి బడికీ ఒక ప్రిన్సిపాల్ — ఇవి పిల్లలు తగ్గినంత మాత్రాన తగ్గే ఖర్చులు కావు. చిన్న బడులను మూసి ఒకచోట కలిపితే చవక కదా అని ఆఫీసులో కూర్చున్నవారికి అనిపించడం సహజం. ఈ గట్టు మీద ఒకసారి ప్రయాణం చేసినవారు మాత్రం ఆ మాట నోట రానివ్వరు. క్లార్క్స్‌బర్గ్ నుంచి రియో విస్టాకు దాదాపు ముప్పై మైళ్లు. డిస్ట్రిక్టుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున రెండు హైస్కూళ్లు ఉండటానికి కారణం ఆ ముప్పై మైళ్లే.

ఆ పంటు దించిన రైయర్ ద్వీపం నుంచి అవతలికి పోవడానికి రెండో పంటు ఉంది. రియల్ మెకాయ్ అని పేరు, దీనికి తాడు లేదు, సొంత ఇంజనుతో కాష్ స్లూ దాటిస్తుంది. అది దాటితే రియో విస్టా. పదివేల జనాభా గల ఈ ఊరే డిస్ట్రిక్టులో పెద్దది, ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. 1862 జనవరి వరదలో పాత ఊరు కొట్టుకుపోతే, జనం దగ్గర్లోని మెట్టనేల మీదికి వచ్చి మళ్లీ కట్టుకున్నారు. 1936లో ఇక్కడ సహజవాయువు పడింది, కొండల మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. 1985 శరదృతువులో దారి తప్పిన ఒక తిమింగలం సముద్రం నుంచి ఈ ఊరు దాటి లోపలికి వచ్చేసింది. దానికి హంఫ్రీ అని పేరు పెట్టి, వారాలపాటు తంటాలు పడి వెనక్కి పంపారు. ఒడ్డున దాని గుర్తుగా ఒక రాయి ఉంది.

ఊళ్లలో పాలకమండలి గురించి అడిగి తెలుసుకున్నది ఇంతే: సభ్యులను ప్రాంతాలవారీగా ఎన్నుకుంటారు, సమావేశం ఎజెండాను కనీసం 72 గంటల ముందు అందరికీ కనిపించేలా అంటించాలి, సమావేశంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఎజెండా, సమావేశాల సంగతులు 1953లో వచ్చి తర్వాత సవరణలు పొందిన బ్రౌన్ చట్టం నియమాలు. కొత్త భవనాలకు అప్పు తేవాలంటే ఓటు వేసినవారిలో నూటికి యాభై అయిదుగురు ఒప్పుకోవాలి. నా ఉద్యోగకాలంలో తరగతి గది పైకప్పు కారుతోందని ఎన్ని అర్జీలు, ఎన్ని మెట్లు ఎక్కి పంపానో నాకు లెక్క తెలియదు. ఆ ఊరివాళ్లనే నిలబెట్టి, పన్ను కడతారా, కప్పు వేయిద్దామా అని అడిగే పద్ధతి మన దగ్గర ఉండి ఉంటే, కొన్ని కప్పులు త్వరగా పడేవి; కొన్ని ఊళ్లలో అసలు పడేవే కావేమో కూడా.

నాలుగో రోజు, గురువారం

మా ఆవిడ కూడా వచ్చింది. ఐల్టన్ వెయ్యిమంది లోపు జనాభా గల ఊరు. ప్రధాన వీధిలో 1926 అగ్నిప్రమాదం తర్వాత కట్టుకున్న రేకుల గోడల చైనీయుల దుకాణాలు వరసగా ఉన్నాయి. ఈ చుట్టుపక్కల నేల నల్లటి పీట్, అంటే వేల ఏళ్లు నీళ్లలో కుళ్లిన తుంగ. నీరు తోడేసి దున్నినకొద్దీ అది గాలి తగిలి కరిగిపోతూ నేల ఏటేటా కుంగుతుంది; మధ్య డెల్టాలో కొన్ని ద్వీపాలు సముద్రమట్టానికి ఇరవై అడుగుల పైనే దిగువకు పోయాయి. అందుకే ఇక్కడ గండి పడటానికి వరదే రానక్కర్లేదు. 1972 జూన్‌లో, వాన ఊసే లేని రోజుల్లో, ఈ ద్వీపానికి దక్షిణపు గట్టు తెగి ఐల్టన్ మునిగింది, ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ సంగతి వినగానే మా ఆవిడ గట్టు వైపు తలెత్తి చూసి, "ఇంత కింద పిల్లల బడేమిటండీ?" అంది. వెనక్కి తిరిగి చూస్తే ప్రాథమిక పాఠశాల, దాని చుట్టూ ఇళ్లు, అన్నీ నది కన్నా కిందనే. ఊరు ఎక్కడుంటే బడీ అక్కడే ఉంటుంది; ఈ ప్రశ్నకు జవాబు గట్టును చూసుకునే మరో ప్రత్యేక డిస్ట్రిక్టు దగ్గర ఉంటుంది గాని స్కూల్ డిస్ట్రిక్టు దగ్గర ఉండదు. అది కూడా ప్రత్యేక ప్రభుత్వమే.

మూడు గంటలు దాటాక తిరుగు ప్రయాణం. ఊరు దాటిన కాసేపటికి మా ముందు పసుపుపచ్చ బస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగింది, పక్కనుంచి ఎర్రటి స్టాప్ పలక బయటికి తెరుచుకుంది. ఎదురుగా వస్తున్న లారీతో సహా రెండు వైపులా బళ్లన్నీ ఆగిపోయాయి. ఎనిమిదేళ్ల పిల్ల దిగి, బస్సు ముందునుంచి రోడ్డు దాటి, గట్టు అంచున ఉన్న చెక్కమెట్ల కమ్మీ పట్టుకుంది. మెట్లు లెక్కపెట్టాను, పద్నాలుగు. కింద ముంగిట్లో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల ఆఖరి మెట్టు దిగేదాకా డ్రైవరు బస్సు కదపలేదు.

వాల్‌నట్ గ్రోవ్ దగ్గరికొచ్చేసరికి గంట మోగింది, అడ్డుకర్రలు దిగాయి, వంతెన రెండుగా విడిపోయి పైకి లేచింది. కింద నుంచి ఒక తెరచాప పడవ, తెర దించుకుని, ఏ తొందరా లేకుండా వెళుతోంది. నౌకలకు దారి ఇవ్వాల్సింది రోడ్డే, రోడ్డుకు నౌకలు కావు. అది ఇక్కడి నియమం. అవతలి ఒడ్డున అడ్డుకర్ర వెనక మరో బడి బస్సు ఆగి ఉంది. కిటికీల్లోంచి పిల్లలు పడవకు చేతులూపుతున్నారు. పడవలో ఆయన టోపీ తీసి ఊపాడు. మా అమ్మాయి గడియారం చూసి పదకొండు నిమిషాలైందంది.